గుండె ఆగినప్పుడు: ఏ.ఇ.డి. యంత్రమును గూర్చి ఒక సమీక్ష

విద్యుత్తు తగిలి మనుష్యుడు మరణించుట లోకమెల్ల ఎఱిగిన విషయమే. కాని ఆ విద్యుత్తునే తగిన ప్రమాణమున, తగిన సమయమున గుండె మీదుగా పంపినచో మృతప్రాయుడైనవాడు మరల ఊపిరి తీయుననుట వైద్యశాస్త్రమునకు సైతము నూఱేండ్లకు పైబడిన అన్వేషణానంతరముననే స్థిరపడిన సత్యము. నేడు విమానాశ్రయములందును, క్రీడారంగములందును, పెద్ద కార్యాలయములందును గోడకు తగిలించిన చిన్నపెట్టెలో ఇమిడియున్న ఆటోమేటెడ్ ఎక్స్‌టర్నల్ డీఫిబ్రిలేటర్, క్లుప్తముగా ఏ.ఇ.డి., ఆ అన్వేషణకు ఫలము. ఆ యంత్రము చేయు పని యేమి, వైద్యుడు చెంత లేకయే అది రోగి స్థితిని ఎట్లు నిర్ణయించును, దానివలన నిజముగా ఎందఱు బ్రతుకుచున్నారు, ఎచ్చట అది నిష్ప్రయోజనమగుచున్నది అను ప్రశ్నలను ఒకచోట చేర్చి పరిశీలించుటయే ఈ వ్యాసమున తలపెట్టిన పని.

ముందుగా ఒక భేదమును గుర్తింపవలెను. జనవ్యవహారమున హఠాన్మరణమెల్ల గుండెపోటుగనే చెలామణి యగుచున్నది. గుండెపోటనగా గుండెకండరమునకు రక్తమునందించు కరోనరీ ధమనులలో ఒకటి పూడుకొనిపోవుటచే, ఆ ధమనిపై ఆధారపడిన కండరభాగము చావనారంభించుట. అట్టి రోగికి ఛాతీలో నొప్పి కలుగును, చెమటలు పట్టును, కాని సాధారణముగా అతడు మాటలాడగలడు, అతని నాడి ఆడుచునే యుండును. వైద్యులు కార్డియాక్ అరెస్ట్ అని పిలుచు హృదయస్తంభనము ఇట్టిది కాదు. అందు గుండె రక్తమును పంపుట ఒక్కసారిగా మానివేయును. పది పదునైదు సెకనులలో స్పృహ తప్పును. ఊపిరి ఆగిపోవును, లేదా అప్పుడొకటి యిప్పుడొకటిగా ఎగశ్వాసలు మాత్రము మిగులును. గుండెపోటు హృదయస్తంభనమునకు తఱచుగా దారితీయును గాని, గుండెకండరపు వ్యాధులు, పుట్టుకతో వచ్చిన విద్యుద్దోషములు, విద్యుద్ఘాతము, ఛాతీపై అకస్మాత్తుగా తగిలిన దెబ్బ సైతము దానికి కారణములు కావచ్చును. ఏ.ఇ.డి. చికిత్స చేయునది గుండెపోటునకు గాదు. హృదయస్తంభనమునకు, అందును కొన్ని విధములగు స్తంభనములకు మాత్రమే.

ఆ విధములేవో తెలియుటకు గుండెయొక్క విద్యుద్వ్యవస్థను కొంత పరికింపవలెను. కుడి కర్ణికయొక్క పైభాగముననున్న సిరాకర్ణికా కణుపు, ఎవరి ఆజ్ఞయు లేకయే, విశ్రాంతిగానున్నప్పుడు నిమిషమునకు అఱువది మొదలు నూఱు పర్యాయములు విద్యుత్ప్రేరణను పుట్టించును. ఆ ప్రేరణ కర్ణికలనుండి నియతమార్గమున జఠరికలకు దిగి, కోట్లకొలది కండరకణములను ఇంచుమించు ఏకకాలమున సంకోచింపజేయుటచే రక్తము దేహమునకు ఎగజిమ్మబడును. ఈ క్రమము చెడి, జఠరికల కండరమున పలుచోట్ల తరంగములు సుడులు తిరుగుచు ఒకదానినొకటి తఱుముకొనునప్పుడు వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్ అను స్థితి ఏర్పడును. రథోత్సవమున మోకు పట్టిన వేయిమందియు తలయొక దిక్కునకు లాగుచుండగా రథము అంగుళమైనను కదలనట్లు, ఆ గుండెలోని ప్రతి కణమును శ్రమించుచునే యుండును గాని బొట్టు రక్తమైనను ముందుకు సాగదు. అప్పుడు కావలసినది మఱింత లాగుట కాదు, అందఱును ఒక్కసారి ఆగుట.

షాక్ చేయు పని సరిగా ఇదియే. అది గుండెను నడపదు, ఆపును. బలమైన విద్యుత్ప్రవాహము జఠరికల కండరములో అధికభాగమును ఒక్కక్షణమున ఉత్తేజపఱచుటచే సుడులు తిరుగు తరంగములకు ముందుకు పోవ చోటు దొరకక అవి అణగిపోవును. కణములన్నియు క్షణకాలము స్తబ్ధములై యుండగా, సహజముగా లయను పుట్టించు సిరాకర్ణికా కణుపు మరల తన అధికారమును గ్రహించును. కావుననే గుండె పూర్తిగా నిశ్చలమై, ఈ.సి.జి.లో గీత చదునైపోయిన వానికి షాక్ ఇచ్చి లేపినట్లు చలనచిత్రములలో చూపు దృశ్యము శాస్త్రవిరుద్ధము. ఆపుటకేమియు లేనిచోట ఆపు మందు పనిచేయదు.

ఈ చికిత్సలో మందుకంటె ప్రధానమైనది కాలము. ఫిబ్రిలేషన్‌లో నున్న కండరము ఏ ప్రయోజనమును లేకయే శక్తిని వ్యయము చేసికొనుచుండును, దానికి రక్తము మాత్రము రాదు. తొలినిమిషములలో ఈ.సి.జి. పై పెద్దగా కనిపించు అలలు క్రమక్రమముగా సన్నగిల్లి తుదకు చదునైన గీతగా మాఱును. ఛాతీని నొక్కుచు చేయు సి.పి.ఆర్. లేనిచో, గడచిన ప్రతి నిమిషమునకును బ్రతుకు అవకాశము నూటికి 7 మొదలు 10 వంతుల చొప్పున తఱుగునని వైద్యుల అంచనా; సి.పి.ఆర్. సాగుచున్నచో ఆ తఱుగుదల సుమారు 3, 4 వంతులకు తగ్గును. మెదడు నాలుగైదు నిమిషములకే దెబ్బతిన నారంభించును. ఈ లెక్కను బట్టి, ఎంత సమర్థుడైన వైద్యుడైనను పదునైదవ నిమిషమున వచ్చెనేని చేయగలిగినది మిక్కిలి స్వల్పము. ఏ.ఇ.డి. చరిత్రయంతయు ఈ నిమిషములను కుదించుటకై జరిగిన ప్రయత్నముల చరిత్రయే.

1775లో డెన్మార్కు దేశీయుడగు పీటర్ క్రిస్టియన్ ఆబిల్డ్‌గార్డ్ కోళ్ళపై ప్రయోగములు చేసి, విద్యుద్ఘాతమున పడిపోయిన పక్షి ఛాతీపై మఱియొక ఘాతముచే లేచుట గమనించెను. 1850లో జర్మనీయందు హోఫా, లూడ్విగ్ అనువారు జంతువుల గుండెలో విద్యుత్తుచే ఫిబ్రిలేషన్‌ను కలిగించి వర్ణించిరి. మనుష్యుల హఠాన్మరణమునకు ఇదియే కారణమై యుండునని 1889లో అబర్డీన్‌లోని జాన్ మెక్‌విలియమ్ ఊహించెను. 1899లో జెనీవాలో ప్రెవో, బాటెల్లి అను శాస్త్రజ్ఞులు స్వల్పమగు విద్యుత్తు కుక్క గుండెలో ఫిబ్రిలేషన్‌ను పుట్టించుననియు, బలమైన విద్యుత్తు దానిని అణచుననియు కనుగొనిరి. ఇంత స్పష్టమైన సత్యము చేతికందియు దశాబ్దముల తరబడి గ్రంథస్థమై యుండిపోయినది. దానిని బయటికి తీసినది వైద్యుల జిజ్ఞాసకంటె విద్యుత్సంస్థల అవసరము: అమెరికాలో విద్యుత్ తీగలపై పనిచేయు కార్మికులు ఘాతములపాలై మరణించుచుండగా, ఆ సంస్థల ప్రోత్సాహమున జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయమున విలియమ్ కౌవెన్‌హోవెన్ అను ఇంజనీరు ఈ పరిశోధనను చేపట్టెను.

1947లో క్లీవ్‌లండ్ నగరమున క్లాడ్ బెక్ అను శస్త్రవైద్యుడు, ఛాతీ శస్త్రచికిత్సానంతరము గుండె ఫిబ్రిలేషన్‌లో పడిన 14 ఏండ్ల బాలుని గుండెను చేతితో పిసుకుచు కాపాడి, దానికి నేరుగా విద్యుత్ఫలకములను ఆనించి షాక్ ఇచ్చి బ్రతికించెను. ఛాతీని తెఱవకయే ఆ పని చేయవచ్చునని 1956లో బోస్టన్‌లోని పాల్ జోల్ నిరూపించెను. వీరు వాడినది గోడసాకెట్టునుండి వచ్చు ఏకాంతర విద్యుత్తు. కెపాసిటర్‌లో నిలువచేసి ఒక్కసారిగా వదలు ఏకముఖ విద్యుత్తు గుండెకు తక్కువ హాని చేయునని సోవియట్ దేశమున నౌమ్ గుర్విచ్ 1939 నాటికే చూపియుండగా, 1962లో బెర్నార్డ్ లౌన్, బరూఖ్ బెర్కోవిట్స్ అనువారు ఆ పద్ధతిని పాశ్చాత్యదేశములలో నెలకొల్పిరి. ఈ మార్పు వలననే యంత్రము గోడనుండి విడివడి బ్యాటరీపై పనిచేయగల దయ్యెను. ఈ నడుమ 1960లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అను మువ్వురు, షాక్ కొఱకు కుక్క ఛాతీపై ఫలకములను గట్టిగా అదిమినప్పుడు ధమనిలో రక్తపీడనము పెరుగుట చూచి, ఛాతీని నొక్కి రక్తప్రసరణను నిలుపు పద్ధతిని ప్రకటించిరి. షాక్‌ను వెదకుచున్నవారికి, షాక్ వచ్చువఱకు ప్రాణమును నిలుపు ఉపాయము దొరకుట ఈ చరిత్రలో మిక్కిలి విలువైన సంఘటన.

రోగిని యంత్రము వద్దకు తెచ్చుటకు మాఱుగా యంత్రమునే రోగి వద్దకు కొనిపోవలెనని తలచినవాడు బెల్‌ఫాస్ట్‌లోని ఫ్రాంక్ పాంట్రిడ్జ్. 1965లో అతడు కారు బ్యాటరీలపై నడచునట్లు కూర్చిన తొలి డీఫిబ్రిలేటర్ బరువు 70 కిలోలు. దానిని అంబులెన్సులో ఎక్కించి వీథులకు పంపెను. అయినను అందులో వైద్యుడు ఉండవలసినదే, ఎందుకనగా ఈ.సి.జి. చదివి షాక్ అవసరమా కాదా యని తేల్చువాడు అతడే. ఈ చివరి ముడిని విప్పినది 1970 దశకపు చివర అమెరికాలోని పోర్ట్‌లండ్‌లో ఆర్చ్ డయాకును ఆయన సహచరులును నిర్మించిన యంత్రము. ఒక ఎలక్ట్రోడు నోటిలోను, వేఱొకటి ఉదరముపైనను ఉంచవలసిన ఆ తొలిరూపము వింతగా నున్నను, లయను తానే చదివి తానే నిర్ణయించుట దానితో ఆరంభమైనది. 1980లో మిషెల్ మిరోవ్‌స్కీ బృందము దేహములోపల అమర్చు డీఫిబ్రిలేటర్‌ను తొలిసారి ఒక రోగికి అమర్చుటతో, తీర్పును యంత్రమునకు అప్పగింపవచ్చుననుట మఱియొక మార్గమునను రుజువైనది. నా దృష్టిలో ఏ.ఇ.డి. యొక్క నిజమైన నవ్యత విద్యుత్తులో లేదు; వైద్యుని విచక్షణలో ఒక చిన్న భాగమును వేఱుచేసి, దానిని బాటసారి చేతికందునట్లు చేయుటలో ఉన్నది.

ఇక ఆ విచక్షణ ఎట్లు సాగునో చూతము. జిగురుగల రెండు ప్యాడ్‌లలో ఒకటి కుడి మెడయెముక క్రిందను, రెండవది ఎడమచంక దిగువ ప్రక్కటెముకలపైనను అంటించినంతనే, అవి రెండు పనులను చేయును: గుండెయొక్క విద్యుత్సంకేతమును గ్రహించుట, ఛాతీయొక్క విద్యున్నిరోధమును కొలుచుట. నిరోధము మిక్కిలి యెక్కువగా నున్నచో ప్యాడ్ సరిగా అంటలేదని యంత్రము తెలిసికొని చెప్పును. సంకేతమునుండి రోగి కదలికలవలనను, పరిసర విద్యుత్తువలనను కలుగు కల్మషమును వడగట్టి, మిగిలిన తరంగమును కొన్ని సెకనుల ఖండములుగా విభజించి, దాని ఎత్తు, వేగము, వాలు, ఆకారము, క్రమబద్ధత అను లక్షణములను లెక్కించును. నియతమైన కోసుగల అలలు లేక, ఎత్తుపల్లములు అస్తవ్యస్తముగా నున్నచో అది ఫిబ్రిలేషన్. క్రమముగా నుండియు మితిమీరిన వేగముతో వెడల్పైన అలలున్నచో అది వెంట్రిక్యులర్ టాకికార్డియా. ఈ రెండింటికి మాత్రమే షాక్ ఇచ్చుటకు అనుమతి లభించును. విశ్లేషణ వేళ రోగిని తాకవలదని యంత్రము హెచ్చరించుట, ఆ తాకిడివలన తరంగము చెడకుండుటకే.

యంత్రము పొరబడదా యని సందేహము సహజము. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 1997లో ప్రకటించిన ప్రమాణములలో, స్పష్టమైన ఫిబ్రిలేషన్‌ను నూటికి 90కి మించి గుర్తింపవలెననియు, సహజలయగల గుండెకు షాక్ వలదని నూటికి 99కి మించి సరిగా తేల్చవలెననియు నిర్దేశించిరి. ఈ రెండంకెల తారతమ్యమును గమనింపవలెను: షాక్ అవసరమైనవానిని ఒక పర్యాయము గుర్తింపక పోయినను రెండు నిమిషముల పిదప యంత్రము మరల పరిశీలించును, కాని అవసరము లేనివానికి షాక్ ఇచ్చుట మాత్రము దాదాపు సంభవింపరాదు. అందువలననే ఏ.ఇ.డి.తో కోపముననో పరిహాసముననో ఒకనికి షాక్ ఇయ్యదలచినను అది ఒప్పుకొనదు.

అనుమతి దొరికినంతనే బ్యాటరీయందలి స్వల్పమగు ఓల్టేజిని పరివర్తకముచే పెంచి కెపాసిటర్‌ను నింపును. ఉదాహరణమునకు 100 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌ను 2000 ఓల్టులకు నింపినచో అందు 200 జౌల్‌ల శక్తి నిలువయుండును. మీట నొక్కగానే అది సెకనులో నూఱవ వంతు ప్రాంతమున ఛాతీగుండా వెడలిపోవును. ప్రాచీన యంత్రములలో ప్రవాహము ఒకే దిశగా సాగెడిది. 1996 మొదలు ఏ.ఇ.డి.లలో ప్రవేశించిన బైఫేజిక్ పద్ధతిలో అది సగములో దిశ మార్చుకొనును. ఇందువలన తక్కువ శక్తితోనే ఫలము సిద్ధించుటయు, గుండెకండరమునకు హాని తగ్గుటయు, కెపాసిటర్‌లును బ్యాటరీలును చిన్నవై యంత్రము చేతిసంచివలె మోయదగినదగుటయు జరిగినవి. రోగి శరీరపు నిరోధమును ముందే కొలిచియుండుటచే, బక్కపలుచని వానికిని స్థూలకాయునకును తగినట్లు ప్రవాహమును సవరించుకొనును. ఎనిమిదేండ్ల లోపు పిల్లలకు శక్తిని తగ్గించు ప్రత్యేక ప్యాడ్‌లు కలవు.

ప్రయోగవిధానము కఠినము కాదు. పడిపోయినవానిని భుజము తట్టి పిలిచినను పలుకక, ఊపిరి సహజముగా లేనప్పుడు, ఒకరు అంబులెన్సును పిలువవలెను, ఒకరు ఛాతీ నడుమ నిమిషమునకు 100 మొదలు 120 పర్యాయములు, పెద్దవారికి 5 సెంటీమీటర్లకు తగ్గకుండ నొక్కనారంభింపవలెను, ఒకరు యంత్రమును తేవలెను. మూత తెఱచి మీట నొక్కినంతనే అది మాటలలో దారి చూపును. ఛాతీ తడిగానున్నచో తుడువవలెను, మందు పట్టీలున్నచో తీయవలెను, షాక్ ఇచ్చువేళ ఎవరును రోగిని తాకరాదు. షాక్ అయిన తక్షణమే నాడిని వెదకుచు కూర్చుండక మరల రెండు నిమిషములు నొక్కవలెను. 1999లో సియాటిల్‌లో ఒక అధ్యయనమున, శిక్షణ లేని ఆఱవ తరగతి పిల్లలు బొమ్మపై ఏ.ఇ.డి. వాడి సగటున 90 సెకనులలో షాక్ ఇయ్యగా, వృత్తి సిబ్బందికి 67 సెకనులు పట్టినవి. బాల్యమునకును వృత్తినైపుణ్యమునకును నడుమ భేదము 23 సెకనులే!

ఫలితములను గూర్చిన ప్రమాణములలో రెండు మిక్కిలి ప్రసిద్ధములు. అమెరికాయందలి జూదశాలల కాపలా సిబ్బందికి ఏ.ఇ.డి.లను ఇచ్చి జరిపి, 2000లో ప్రకటించిన అధ్యయనమున, ఫిబ్రిలేషన్‌కు లోనైన 105 మందిలో నూటికి 53 మంది బ్రతికి ఆసుపత్రినుండి ఇంటికి పోయిరి. పడిపోవుట ఇతరులు చూడగా మూడు నిమిషములలోపల షాక్ అందినవారిలో ఆ సంఖ్య 74, ఆలస్యమైనవారిలో 49. షికాగో విమానాశ్రయములలో నిమిషము, నిమిషమున్నర నడకదూరమునకొకటి చొప్పున యంత్రముల నుంచగా, రెండేండ్లలో ఫిబ్రిలేషన్‌కు లోనైన 18 మందిలో 11 మంది పునర్జీవితులైరి. ఆ 11 మందిని రక్షించినవారిలో ఆఱుగురికి ఆ యంత్రమును వాడిన అనుభవముగాని శిక్షణగాని లేదు. 2004లో వెలువడిన విస్తృతపరీక్షలో, సి.పి.ఆర్. మాత్రము నేర్చిన స్వచ్ఛందసేవకుల ప్రాంతములలో 107 స్తంభనములకు 15 మంది బ్రతుకగా, సి.పి.ఆర్.తోబాటు ఏ.ఇ.డి. కూడ గలచోట్ల 128కి 30 మంది బ్రతికిరి. జపాన్ 2004లో సామాన్యులకు ఈ యంత్రవినియోగమును అనుమతించెను; 2005 మొదలు 2013 వఱకు అచ్చటి లెక్కలలో, ఇతరులు చూచుచుండగా ఫిబ్రిలేషన్‌చే పడిపోయి బాటసారులచే షాక్ పొందినవారిలో నూటికి 38.5 మంది మెదడు చెడకుండ నెల దినముల పిదప జీవించియుండగా, అట్టి షాక్ లభింపనివారిలో ఆ సంఖ్య 18.2 మాత్రమే. 2021 జూన్ 12న కోపెన్‌హేగన్ మైదానమున పడిపోయిన క్రిస్టియన్ ఎరిక్సన్ ఒక్క షాక్‌తో లేచి, మఱుసటి యేట మరల ఫుట్‌బాల్ ఆటకు దిగుట కోట్లమంది ఎఱిగినదే.

అయినను రెండవ ప్రక్కను చూడక తీర్పు చెప్పరాదు. హృదయస్తంభనములలో అధికభాగము ఇండ్లలోనే కలుగును. ఇంటింట యంత్రమునుంచిన ఫలమేమో తెలియుటకు, పూర్వము గుండెపోటు వచ్చిన 7001 మందిపై జరిపి 2008లో ప్రకటించిన పరీక్షలో, ఇంట ఏ.ఇ.డి. యున్నవారికిని, సి.పి.ఆర్. మాత్రము నేర్చిన కుటుంబములవారికిని మరణసంఖ్యలో గణనీయమైన భేదము కానరాలేదు. నిద్రలోనో ఒంటరిగానో పడిపోయినవానిని చూచువారే లేనప్పుడు యంత్రమేమి చేయగలదు? కోపెన్‌హేగన్ నగరమున జరిపిన పరిశీలనలో అన్నివేళలను అందుబాటులో నున్న యంత్రములు నూటికి 9.1 మాత్రమే, తక్కినవి సాయంత్రమగుసరికి తాళము పడిన భవనములలోనే యుండిపోయినవి. ప్యాడ్‌ల జిగురు ఎండును, బ్యాటరీ క్షీణించును. యంత్రము తన్ను తాను పరీక్షించుకొని హెచ్చరికదీపము వెలిగించినను, ఆ దీపమును చూచు బాధ్యత ఎవరిదో నిర్ణయింపనిచో అది గోడకలంకారము. స్త్రీలు పడిపోయినప్పుడు ఛాతీని అనాచ్ఛాదితము చేయుటకు జంకి బాటసారులు వెనుకాడుదురని పలుదేశముల అధ్యయనములు చెప్పుచున్నవి; ఈ సంకోచము మన సంఘమున తక్కువగా నుండునని తలచుటకు కారణము లేదు. దూరమను అడ్డంకిని తొలగించుటకు స్వీడన్‌లో డ్రోన్‌ల ద్వారా యంత్రమును పంపు పద్ధతి ప్రయోగింపబడి, 2021 డిసెంబరులో ట్రోల్‌హాటన్‌లో ఒక ప్రాణమును నిలిపినది.

మన తెలుగునాట 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆరంభమైన 108 సేవ అంబులెన్సును పల్లెలకు సైతము చేర్చినది. 2023లో తెలంగాణ ప్రభుత్వము సి.పి.ఆర్. శిక్షణను విస్తృతముగా చేపట్టినది. ఇవి స్తుత్యములు. కాని పైని చెప్పిన నిమిషముల లెక్క అంబులెన్సుకును తప్పదు. వాహనము వచ్చులోపలి కాలము చుట్టుప్రక్కలవారిదే. జూదశాలలయందును విమానాశ్రయములయందును యంత్రము ఫలించుటకు కారణములను విడదీసి చూచినచో మూడు తేలును: జనసమ్మర్దము, ఎల్లప్పుడు గమనించు కన్నులు, స్థిరముగానుండు సిబ్బంది. ఈ మూడును గలచోట్లు మనకు కొఱవడలేదు. విజయవాడలోని పండిట్ నెహ్రూ బస్ స్టేషన్, సికింద్రాబాదు రైల్వే స్టేషన్, వయోవృద్ధులును హృద్రోగులును భక్తితో మెట్లెక్కు అలిపిరి నడకదారి, మేడారము జాతర, పుష్కరఘట్టములు అట్టివి. యంత్రము అచ్చటి సిబ్బందికి తెలిసిన భాషలో, అనగా తెలుగున మాటలాడవలెను. దాని తాళముచెవి ఏ అధికారి జేబులోను ఉండరాదు. మోటారు వాహనముల చట్టమునకు 2019లో చేసిన సవరణ రోడ్డు ప్రమాదబాధితులకు సాయపడువారికి రక్షణ కల్పించినది. ప్రమాదము లేకయే వీథిలో కుప్పకూలినవానికి షాక్ ఇచ్చిన బాటసారికిని అంత స్పష్టమైన అభయము కావలెను.

ఇంతవఱకు పరిశీలించినదానిని బట్టి తేలునదేమనగా, ఏ.ఇ.డి. ప్రాణమును నిలుపు మాట నిస్సందేహము, కాని అది ఒంటరిగా నిలుపదు. పడిపోయినవానిని గుర్తించు కన్ను, వెనుకాడక ఛాతీని నొక్కు చేయి, నిమిషములో తెచ్చుటకు వీలగు దూరము అను మూడును సిద్ధముగా నున్నచోట దానికి సాటివచ్చు చికిత్స లేదు; అవి లేనిచోట అది ఖరీదైన పెట్టె. కావున ప్రభుత్వములును సంస్థలును ఎన్ని యంత్రములు కొంటిమని గాక, పడిపోయిన మనుష్యునకు ఎన్ని నిమిషములలో షాక్ అందుచున్నదని లెక్క చూచుకొనవలెను. ధనము పరిమితమైనప్పుడు ముందు పాఠశాలలలో సి.పి.ఆర్. నేర్పుట, పిమ్మట జనము గుమిగూడుచోట్ల యంత్రములను నెలకొల్పుట, ఆపైన వాటిని కనిపెట్టియుండు వ్యక్తిని నియమించుట అను క్రమమే యుక్తము. ఈ క్రమము తలక్రిందులైనచో యంత్రములు పెరుగును గాని బ్రతికినవారి సంఖ్య పెరుగదు.